చెయ్యి లాగే క్రేన్

ఈ రేవులో నాకు తెలియని దెయ్యం లేదు. ఏది ఎక్కడుంటుంది, ఎప్పుడొస్తుంది, ఎవర్ని పడుతుంది... అన్నీ నన్నడగండి.

అప్పుడే నోరెళ్ళబెట్టకండి. రేవు మొత్తానికి ఉన్నది ఒకే ఒక్క దెయ్యం. దాన్ని కూడా నేను కళ్ళతో చూడలేదు, మా వదిన చెప్పగా విన్నాను. వదిన రేవులో క్రేన్ నడుపుతుంది. నేను కళ్ళజోళ్ళ కొట్లో పని చేస్తాను. ఆవిడ ఒక్క రాత్రి ఎత్తి దించే బరువు ముందు, నేను జన్మంతా ఎత్తే కళ్ళజోళ్ళు ఏ మూలకీ రావు. అంచేత కథ ఆవిడది. కోతలు మాత్రం నావి.

ఆ దెయ్యం ఉండేది నాలుగో నంబరు క్రేన్‌లో.

పగలు చూస్తే ఏమీ ఉండదు. పొడుగు కాళ్ళేసుకుని, నీళ్ళ మీదికి మెడ చాచిన ఇనప కొంగలా ఉంటుంది, అంతే. చీకటి పడ్డాక మాత్రం దాని నిచ్చెన దగ్గర ఎవరూ నిలబడి సిగరెట్ కూడా కాల్చరు. కొత్త రంగు, మెత్తటి సీటు, చల్లగాలి మిషను, అన్నీ ఉన్నాయి. అయినా రాత్రి డ్యూటీలో నాలుగో నంబరు పడిందంటే మనిషి మొహం మారిపోతుంది. ఉన్నట్టుండి కడుపునొప్పి వస్తుంది. అత్తగారికి సీరియస్ అవుతుంది. ఒకే అత్తగారికి ఒకే నెలలో ముగ్గురు డాక్టర్లు ఆశ వదులుకోవడం ఆ రేవులో మామూలే.

ఎందుకంటారా... ఆ పట్టాల మీద అంతకుముందు పాత క్రేన్ ఒకటి ఉండేది. అది పెద్దమేస్త్రిది. రేవులో క్రేన్ ఎక్కిన ప్రతి మనిషికీ పని నేర్పింది ఆయనే. ఆడపిల్లకి క్రేన్ ఏంటని నలుగురూ నవ్వుతుంటే, "ఏం, దానికి చేతుల్లేవా?" అని ఒక్క మాటన్నాడట. మా వదిన ఆ మాట పట్టుకునే నిచ్చెన ఎక్కింది.

ఆ పాత క్రేన్‌ని ముక్కలు కోసి లారీల్లో తరలించిన వారానికే మేస్త్రి పోయాడు. అదే పట్టాల మీదికి నాలుగో నంబరు వచ్చి నిలబడింది.

ఇంకేముంది. ముసలాయన సీటు వదల్లేదని జనం తేల్చేశారు.

మొదట దెబ్బ తిన్నది నత్త. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. కోడిగుడ్ల బుట్ట తగిలించినా చిట్లకుండా దించుతాడని ఆ పేరొచ్చింది. ఒక రాత్రి గాలికి కంటైనర్ ఊగింది. పైకెత్తాలి. ఎత్తబోయాడు... అది సర్రున కిందికి దిగి, ఓ లారీ ముందు భాగాన్ని రేకు డబ్బాలా నొక్కేసింది. డ్రైవరు టీకి వెళ్ళాడు కాబట్టి బతికాడు.

నత్త కిందికొచ్చి, కుడిచెయ్యి ఎడంచేత్తో పట్టుకుని, ఒకటే మాట.

"నేను లాగలేదు... నా చేతి మీద ఇంకో చెయ్యి పడింది. అది లాగింది."

రెండోవాడు పొడుగాయన. నిచ్చెన సగమే ఎక్కితే చాలు, మిగతా సగం తల ఎక్కేస్తుందని ఆయన మీద జోకు. ఆయనకీ అదే జరిగింది. అదే మాట. "చల్లటి చెయ్యి... నాది కాదు."

ఆఫీసు వాళ్ళు దెయ్యాల్ని నమ్మరు. వాళ్ళ దగ్గర దెయ్యం కంటే మంచి మాట ఒకటుంది — ఆపరేటరు అజాగ్రత్త. ఆ మాట కింద సంతకం పెట్టించుకుని నత్తని గేటు దగ్గర కూర్చోబెట్టారు. పొడుగాయన సంతకం పెట్టి, రేవు వైపు మళ్ళీ చూడకుండా వెళ్ళిపోయాడు. ఇప్పుడు సైకిళ్ళు బాగుచేస్తున్నాడు.

మూడోది... మా వదిన.

ఆ రాత్రి కింద నిలబడి సైగలు చేస్తున్నది ఈల బావ. రేవంతా ఆయన్ని బావ అనే పిలుస్తుంది, ఎవరికి ఏ వరసో ఎవరికీ తెలీదు. వదిన కంటైనర్ దించుతోంది. మనిషెత్తు దూరంలో ఉండగా ఒక తాడు పట్టు జారి, పెట్టె ఒక పక్కకి ఒరిగింది. బావ ఈల వేశాడు... పొడుగ్గా, చెవులు చిల్లులు పడేలా. ఆపి, పైకెత్తమని.

వదిన పైకెత్తింది.

పెట్టె కిందికి దిగింది.

బావ వెనక్కి దూకాడు. కాలు ఒక్కటే రవంత ఆలస్యమైంది.

ఆస్పత్రిలో వదిన బావ పక్కనే కూర్చుంది. బావే అన్నాడట, "ఒక కాలివేలేగా అమ్మాయ్. మిగతా తొమ్మిదీ నిన్నేమీ అనట్లేదు, చూసుకో."

ఇంటికొచ్చాక కూడా ఆవిడ తన కుడిచేతి వైపే చూస్తూ కూర్చుంది. పరాయి మనిషెవరో వచ్చి తన ఒళ్ళో పెట్టి వెళ్ళినట్టు.

ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. సోమవారం లోపు సంతకం పెడితే గేటు దగ్గర కుర్చీ. పెట్టకపోతే లైసెన్సు రద్దు. ఎలా చూసినా క్రేన్ లేదు.

"పెట్టెయ్," అన్నాడు అన్నయ్య. "గేటు దగ్గర నీడ కూడా ఉంటుంది."

"నేను నిద్రపోయానా?"

"లేదు."

"ఫోన్ చూశానా?"

"అబ్బే."

"మరి ఏ అజాగ్రత్త కింద పెట్టను?"

అన్నయ్య మంచినీళ్ళు తాగాడు. ఆయనకి జవాబు దొరకనప్పుడల్లా దాహం వేస్తుంది.

తోటి ఆపరేటర్లు వచ్చారు. వాళ్ళది ఇంకో సలహా. "మేస్త్రి చెయ్యి పట్టుకున్నాడని చెప్పెయ్. మేమంతా సాక్ష్యం వస్తాం. ఆ క్రేన్ ఎవ్వరం ఎక్కమని కూర్చుందాం."

వదిన లేచి నిలబడింది. "దెయ్యం అంటే తప్పు ఆయనది. అజాగ్రత్త అంటే తప్పు నాది. ఆయన చచ్చిపోయి నోరు మూసుకున్నాడు. నేను బతికుండి మూసుకోవాలా? ఏం జరిగిందో తెలిసేదాకా నేను ఏ కాగితం మీదా పెట్టను. ఏ దెయ్యానికీ జడవను. టీ తాగి వెళ్ళండి."

వాళ్ళు తాగి వెళ్ళారు.

ఆ రాత్రే ఆవిడ నాలుగో నంబరు ఎక్కింది.

నన్ను తోడు రమ్మంది. ఏం చెప్పను, సరిగ్గా అప్పుడే నాకు కడుపునొప్పి వచ్చింది.

కాబట్టి ఒక్కతే వెళ్ళింది. క్రేన్‌కి కరెంటు తీసేసి ఉంది. నిచ్చెన తలుపుకి తీగ కట్టి సీలు వేశారు. అది తెంపుతుంటే కాపలా ఆయన చూసి, అటు తిరిగి బీడీ ముట్టించుకున్నాడు. అంతటి సాయం రాతపూర్వకంగా దొరకదు.

నిచ్చెన ఎక్కుతుంటే గాలి చీర చెంగుతో కాదు, మనిషితోనే ఆడుకుంటోంది. ఇనుము మూలుగుతోంది. ఎక్కడో ఓ గొలుసు... ఆగి ఆగి కొట్టుకుంటోంది. పైన క్యాబిన్ తలుపు తీసి లోపల కూర్చుంది. చుట్టూ అద్దాలు. కాళ్ళ కింద కూడా అద్దమే. దాని కింద నల్లటి లోతు. క్రేన్ నడిపేవాళ్ళు ఎప్పుడూ ఆ లోతు మీదే కాళ్ళు పెట్టుకుని పని చేస్తారు, పగలు అది గుర్తురాదు.

కుడిచెయ్యి హ్యాండిల్ మీద పెట్టింది.

"మేస్త్రిగారూ... వచ్చారా?"

గాలి.

"రండి. మొహమాటం ఎందుకు? నా చెయ్యి పట్టుకోండి. ఇవాళ కరెంటు లేదు, కింద బావ లేడు. మీరు ఎంత లాగినా ఎవరికీ ఏం కాదు. లాగండి చూద్దాం."

ఏమీ లేదు.

"నాకు పని నేర్పింది మీరే. తీసుకోవాలంటే మీరే తీసుకోవాలి. వాళ్ళెవరు తీసుకోడానికి? రండి మరి..."

చాలాసేపు కూర్చుంది. అద్దాలు చల్లబడ్డాయి. రేవు చివర దీపం ఒకటి ఆరింది. గొలుసు చప్పుడు కూడా ఆగిపోయింది. వదిన హ్యాండిల్ మీదనుంచి చెయ్యి తియ్యలేదు. ఎవరో తన వెనక నిలబడి... తనతో పాటు ఎదురుచూస్తున్నట్టు—

ఠాప్.

కాళ్ళ కింది అద్దానికి ఏదో వచ్చి గుద్దుకుంది. తెల్లగా. రెక్కలు బార్లా చాపి.

సముద్రపు పక్షి. చీకట్లో దారి తప్పింది. ఒక క్షణం అద్దానికి అంటుకుని, జారి పడిపోయింది.

వదిన ఉలిక్కిపడింది. అప్పుడు కిందికి చూసుకుంది.

హ్యాండిల్ ఆవిడ కడుపుకి ఆనుకుని ఉంది. లాగినట్టే తెలియలేదు. వేళ్ళు తెల్లబడేలా బిగించి, మోచెయ్యి వెనక్కి పోయి... అచ్చం ఆ రాత్రిలాగే. అచ్చం నత్త చెప్పినట్టే.

వెనక్కి తిరిగి చూసింది. క్యాబిన్‌లో ఇంకెవరూ లేరు.

కానీ ఒక గొంతు వినిపించింది. బయటినుంచి కాదు. చాలా ఏళ్ళ కిందటినుంచి. పాత క్రేన్‌లో, మొదటిరోజు, మేస్త్రి ఆవిడ చేతి మీద తన చెయ్యి వేసి చెప్పిన మొదటి పాఠం.

"భయమేస్తే నీవైపు లాక్కో. బరువు పైకి పోతుంది. కింద మనిషి బతుకుతాడు."

రేవులో మిగతా క్రేన్లన్నీ అంతే. హ్యాండిల్ తనవైపు లాగితే సరుకు పైకి. ముందుకి తోస్తే కిందికి. నాలుగో నంబరు వేరే కంపెనీది, తక్కువ ధరకి వచ్చింది. దానికి అంతా తలకిందులు. తోస్తే పైకి, లాగితే కిందికి. ఈ సంగతి అందరికీ తెలుసు. సీటు పక్కన ఎర్ర కాగితం కూడా అంటించారు. తీరిగ్గా ఉన్నంతసేపూ అందరూ గుర్తుపెట్టుకుని సరిగ్గానే నడిపారు. గుండె ఆగినంత పనైన ఆ ఒక్క క్షణంలో కాగితం ఎవరు చదువుతారు? చెయ్యి తనకి తెలిసిన దారినే పోతుంది.

ఏళ్ళ తరబడి మనుషుల్ని బతికించిన దారి అది. ఆ క్రేన్‌లో మాత్రం అదే మనిషి మీదికి పోతుంది.

తెల్లారేసరికి వదిన మేనేజరు గది ముందు ఉంది. సీలు తెంపానని ముందే చెప్పేసింది. తిట్టేదేదో మొదట తిట్టించుకుంటే, మిగతా మాట తీరిగ్గా చెప్పుకోవచ్చని.

మేనేజరు చెడ్డవాడేం కాదు. ఆయన పైన ఇంకో మేనేజరు ఉన్నాడు, అదే ఆయన జబ్బు. అంతా విని, నుదురు రుద్దుకున్నాడు.

"సరే అమ్మా. అయితే ఇది మీ మేస్త్రి శిష్యుల అలవాటు. యంత్రానిది కాదు. బయటినుంచి కొత్తవాళ్ళని తెచ్చి పెడతాను. నువ్వు గేటు దగ్గరికి వెళ్ళు."

"ఆ కొత్తవాడి కింద నిలబడేది ఎవరు? కాలు నయమయ్యాక మళ్ళీ బావేగా."

"కొత్తవాడికి పాత అలవాటు ఉండదమ్మా."

గదిలో భద్రత చూసే మేడం కూడా ఉంది. చేరి ఎక్కువ రోజులు కాలేదు. ఎప్పుడూ మెల్లగా, ఎవర్నీ నిద్రలేపకూడదన్నట్టు మాట్లాడుతుంది. ఆవిడ అంది, "ఉండదని మనం అనుకుంటున్నాం సార్... చూశామా? అసలు హ్యాండిలే ముట్టనివాణ్ణి ఒకణ్ణి కూర్చోబెట్టి చూద్దాం. ఉలిక్కిపడితే చెయ్యి ఎటు పోతుందో."

"అలాంటివాడు ఎక్కడ దొరుకుతాడు?"

వదిన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదట. "మా మరిది ఉన్నాడు. ఆయనకి తెలిసిన హ్యాండిల్ తలుపుకుండేదే."

అలా నేను ఈ కథలోకి వచ్చాను. కడుపునొప్పి ఈసారి పనిచెయ్యలేదు.

పట్టపగలు నాకు శిక్షణ ఇచ్చారు. ఇసక బస్తా ఒకటి తగిలించి, ఖాళీ స్థలం మీద వేలాడదీశారు. తోస్తే పైకి. లాగితే కిందికి. మేడం పక్కనే నిలబడి వందసార్లు చేయించింది. మధ్యాహ్నానికి నాకు బాగా వచ్చేసింది. సాయంత్రానికి వదినకే సలహాలు ఇవ్వడం మొదలెట్టాను.

"చూశావా వదినా, ఇదేమంత బ్రహ్మవిద్య కాదు."

"అవునయ్యా. ఆ మాట ఇంకో గంట ఆగి చెప్పు."

చీకటి పడింది. బస్తా కింద ఒక బొమ్మ నిలబెట్టారు — గడ్డి కూరి, ఇనప టోపీ పెట్టి. దానికి అన్నయ్య పాత చొక్కా తొడిగింది వదిన. ఎందుకని అడిగితే, "నీకు జాగ్రత్తగా ఉండాలనిపించాలి కదా," అంది. క్యాబిన్‌లో నా వెనక మేడం, మేనేజరు, వదిన. బస్తాని బొమ్మ నెత్తికి కొంచెం పైన పట్టుకుని ఉండమన్నారు. ఏం జరిగినా పైకెత్తమన్నారు.

"ఏం జరుగుతుంది?" అన్నాను.

వదిన నా చెయ్యి తీసి హ్యాండిల్ మీద పెట్టింది.

చాలాసేపు ఏమీ జరగలేదు. మెడ పట్టేసింది. కాళ్ళ కింది అద్దంలోంచి అన్నయ్య చొక్కా చిన్నగా కనిపిస్తోంది. గాలికి దాని చెయ్యి ఒకటి... ఊగుతోంది. నేను మనసులో చదువుకుంటున్నాను. తోస్తే పైకి. తోస్తే పైకి. తోస్తే—

రేవంతా లైట్లు ఆరిపోయాయి.

కిందినుంచి ఒక ఈల. పొడుగ్గా. చెవులు చిల్లులు పడేలా.

తోశాను. నా మీద ఒట్టు, తోశాను. ముందుకి, బలమంతా పెట్టి. కానీ చీకట్లో ఏదో నా చెయ్యి పట్టుకుంది... గట్టిగా... చల్లగా... నా వైపుకి—

లైట్లు వచ్చేసరికి బస్తా అన్నయ్య చొక్కా మీద పడి ఉంది. ఇనప టోపీ దొర్లుకుంటూ వెళ్ళి గోడకి ఆగింది. హ్యాండిల్ నా కడుపులో గుచ్చుకుంటోంది.

కింద కర్రల మీద నిలబడి, ఈల చేతిలో పట్టుకుని, బావ ఆ బస్తా వైపే చూస్తున్నాడు.

"నేను తోశాను," అన్నాను. నా గొంతు నాకే నత్త గొంతులా వినిపించింది. "ఎవరో లాగారు."

"ఎవరూ లాగలేదు," అంది మేడం మెల్లగా. "నేను మీ చేతి వైపే టార్చి వేసి చూస్తున్నాను. భయమేస్తే మనిషి తనవైపే లాక్కుంటాడు. బండి పగ్గమైనా, పిల్లాణ్ణయినా. ఆ మేస్త్రి దాన్ని చూసే పాఠం చెప్పి ఉంటాడు."

వదిన మేనేజరు వైపు తిరిగింది. "ఈయన మేస్త్రిని కళ్ళతో చూడలేదు. ఇప్పుడు చెప్పండి సార్, ఇది ఎవరి అజాగ్రత్త?"

తరవాత జరిగింది త్వరగా చెప్పేస్తాను. నాలుగో నంబరు ఆపేశారు. ఎలక్ట్రీషియన్ వచ్చి తీగలు అటూ ఇటూ మార్చి, పరీక్షించి, భోజనాల వేళకి వెళ్ళిపోయాడు. ఇప్పుడు అదీ లాగితే పైకే. వదిన లైసెన్సు వదిన దగ్గరే ఉంది. ఆవిడ అంతటితో ఊరుకోలేదు. నత్త కాగితం, పొడుగాయన కాగితం బయటికి తీయించి, అజాగ్రత్త అన్న మాట కొట్టేస్తేనే కుర్చీలోంచి లేస్తానని మేనేజరు గదిలో బైఠాయించింది. కొట్టేశారు. పొడుగాయన సైకిళ్ళే బాగున్నాయన్నాడు. నత్త మాత్రం వచ్చాడు. నిచ్చెన కింద నిలబడి చాలాసేపు తన కుడిచెయ్యి చూసుకుని, ఆ చేత్తోనే మొదటి మెట్టు పట్టుకున్నాడట.

అంతా బాగానే ఉంది. కానీ మీలో తెలివైనవాళ్ళు ఈపాటికి అడగాలి — పైన ఇంకో మేనేజరు ఉన్న ఆ మేనేజరు, ఒక్క బస్తా పడితే ఒప్పేసుకున్నాడా?

ఒప్పుకోలేదు. ఇన్నాళ్ళూ ఇంట్లో, కొట్లో, అందరికీ నా వాదన విని ఒప్పుకున్నాడని చెప్పుకుంటూ వచ్చాను.

ఆయన అన్నది ఇది: "మరిదే కదా. వదిన కోసం నటించాడు. కావాలనే లాగాడు. దీన్ని నేను పైకి పంపలేను."

 మేడం తన చేతిలో టార్చి వైపు చూసుకుంది. నటనో కాదో ఏ టార్చీ చెప్పలేదు. వదిన నావైపు చూసింది. ఏమీ అడగలేదు. రేవులో ఆవిడ బతుకంతా ఆ చూపులో ఉంది... అయినా అడగలేదు.

"సరే, దిగండి ఇక," అన్నాడు మేనేజరు.

నేను లేవలేదు. సీటుని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. లైట్లు వచ్చినప్పటినుంచీ అలాగే కూర్చున్నాను, అందరూ వెళ్ళాక ఆఖర్న దిగుదామని.

"ఏమయ్యా?"

"సార్," అన్నాను, "ఆ టార్చి ఒకసారి ఇటు వెయ్యండి."

లేచి నిలబడ్డాను.

మేనేజరు నా ప్యాంటు వైపు చూశాడు. సీటు వైపు చూశాడు. ఆ రోజు వాన కూడా లేదు.

"ఇది... నటన కాదు," అన్నాడు.

మేడం రాసుకుంది. వదిన నవ్వలేదు. తన డ్యూటీ కోటు విప్పి నా నడుముకి కట్టింది, నిచ్చెన పొడుగునా నాకు అడ్డంగా ముందే దిగింది. ఆ సీటు ఇప్పటికీ ఆవిడదే. తుడిచింది మాత్రం నేను.